బొంతలపై క్రేయాన్ రంగులు – వేయు విధము, నిలుపు విధము

మగ్గము దిగిన గుడ్డలో కొసముక్కలు మన ఇండ్లలో ఎప్పుడును మిగిలియుండును. వానిని పాతచీరలతో కలిపి మన స్త్రీలు బొంతలు కుట్టుదురు. షోలాపురము, భివండి వైపు దానినే గోధడి అనియు, కర్ణాటకలో కౌది అనియు అందురు. రంగుముక్కలు చాలినన్ని ఉన్నచో బొంతకు అందము దానంతట అదే వచ్చును. తెల్లముక్కలే మిగిలిన ఇంట ఏమి చేయవలెను? రంగుతొట్టి పెట్టుటకు చోటు కావలెను, నీరు కావలెను, పెట్టుబడి కావలెను. అట్టివారికి సులభమైన పద్ధతి యొకటి కలదు. పిల్లలు బొమ్మలకు పూయు మైనపు క్రేయాన్లతో గుడ్డపై పువ్వులు, ఆకులు, పక్షులు వేసి, వెలుగునీడలు దిద్ది, ఇస్త్రీపెట్టె వేడితో రంగును నిలుపుటయే ఆ పద్ధతి.

ఇది నేటి కొత్త కాదు. అమెరికాలో 1903లో బిన్నీ అండ్ స్మిత్ కంపెనీ వారు క్రేయోలా అను పేరుతో ఎనిమిది రంగుల పెట్టెను ఐదు సెంట్లకు అమ్మసాగిరి. 1920, 1930 దశాబ్దములలో అక్కడి గృహిణులు తెల్లని నూలుగుడ్డ చదరములపై బొమ్మలకు క్రేయాన్ రంగులు పూసి, ఇస్త్రీ చేసి, గీతలవెంట దారముతో కుట్టి, ఆ చదరములను బొంతలుగా కూర్చిరి.

రంగు ఎట్లు నిలుచును?

పనికి దిగక మునుపు ఈ సంగతి తెలిసికొనుట ముఖ్యము. క్రేయాన్ అనగా పారఫిన్ మైనములో రంగుపొడి కలిపి పోసిన కడ్డీ. ఆ మైనము 60 సెంటీగ్రేడు డిగ్రీలకు అటునిటుగా కరగును. ఇస్త్రీ వేడికి మైనము పలుచనై, రంగుపొడిని నూలుపోగుల సందులలోనికి దించును. ఎక్కువైన మైనమును పైనున్న కాగితము పీల్చుకొనును. పొడి గుడ్డలో చిక్కుకొని యుండును.

మన కలంకారీతో పోల్చి చూడుడు. అందులో గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో ముంచుదురు. బెల్లము, ఇనుము ఊరవేసిన ద్రవము ఆ కరక్కాయ వగరుతో కలిసి నల్లబడును. పటిక పూసినచోట ఎర్రరంగు పట్టుకొనును. అక్కడ రంగు నూలుతో కలిసిపోవును. క్రేయాన్ రంగుకు నూలుతో అట్టి కలయిక లేదు. అది పోగుల నడుమ ఇరుకుకొని నిలుచును, అంతే. కావున అద్దకపు రంగువలె ఇది గట్టి రంగు అని ఎవ్వరును భ్రమపడరాదు.

గుడ్డ

పూర్తి నూలుగుడ్డయే కావలెను. పాలియెస్టర్ కలిసిన గుడ్డ రంగును సరిగా పట్టదు, ఎక్కువ వేడిని ఓర్వదు. నేత దట్టముగా ఉండవలెను. పలుచని నేతలో గీత చెదరిపోవును. ముతకనేతలో క్రేయాన్ పైకి లేచిన పోగులనే అంటుకొని, పల్లమునున్న పోగులను వదలివేయును. పూవు చుక్కచుక్కలుగా కనబడును. కావలెనని చేసిన అదియు ఒక అందమే.

అన్నిటికంటె ముందు గంజి తీయవలెను. మేము మొదట ఈ పని చేసినప్పుడు మగ్గము దిగిన ముక్కనే, ఉతకకుండ తీసికొంటిమి. రంగు చక్కగా పట్టినట్లే యుండెను. రెండవ ఉతుకుకు గంజితోపాటు పువ్వులన్నియు పోయినవి. రంగు నూలును తాకనే లేదు, గంజిపొర మీదనే నిలిచెను. కనుక ముక్కను వేడినీటిలో సబ్బుతో ఉతికి, బాగుగా జాడించి, ఆరిన పిమ్మట ఇస్త్రీ చేసికొనవలెను.

రంగు వేయుట

గుడ్డ క్రింద గరుకుకాగితము పరచిన గుడ్డ జారదు, రంగు బాగా అంటును. బొమ్మను పెన్సిలుతో పలుచగా గీయవలెను. ఒక్కసారే గట్టిగా రుద్దక, పలుచని పూతలు రెండు మూడు వేయుట మేలు. మొదట లేతరంగు, తరువాత ముదురురంగు.

వెలుగునీడలకు ఒక చిన్న సూత్రము కలదు. వెలుతురు ఏ వైపునుండి వచ్చునో ముందు నిర్ణయించుకొని, బొంత అంతటను దానినే పాటించవలెను. ఆ వైపు గుడ్డ తెలుపును కొంత వదలివేయుడు. ఎదుటివైపు అంచున ముదురురంగు దిద్దుడు. నీడకు నల్లరంగు వాడిన పువ్వు మురికిపట్టినట్లుండును. పసుపుపచ్చ రేకుకు నారింజ, దాని అంచున కొంచెము గోధుమరంగు, ఎర్రరేకుకు ఊదా, ఆకుపచ్చకు నీలము – ఇట్లు పొరుగురంగుతోనే నీడ తేవలెను. రెండు రంగులు కలియుచోట గుడ్డపీలికతో మెల్లగా రుద్దిన అతుకు కనబడదు.

వేడి పెట్టుట

బొంతకు దూది పరవకముందే, పైగుడ్డకు మాత్రమే ఇస్త్రీ చేయవలెను. దూదికి బదులు కృత్రిమనార వాడువారికి ఇది మరింత అవసరము. ఆ నార వేడికి కరగి అణగిపోవును. గుడ్డకు క్రిందను పైనను అచ్చులేని తెల్లకాగితము వేయుడు. వార్తాపత్రిక వేసిన దాని సిరా గుడ్డకు అంటును. నూలుకు తగిన వేడిలో, ఆవిరి లేకుండ, పెట్టెను అదిమిపెట్టి, 10, 15 సెకండ్లు ఉంచి ఎత్తవలెను. ఇటు అటు లాగరాదు. లాగిన రంగు ప్రాకును. కాగితముపై మైనపు మరక కనబడగానే కాగితము మార్చుడు. క్రొత్తకాగితముపై మరక పడనంతవరకు ఇట్లే చేయవలెను. కిటికీ తెరచియుంచుట మంచిది. రంగు వెలవెలబోయినచో మరల పూసి, మరల వేడి పెట్టవచ్చును. తరువాత గీతలవెంట కాడకుట్టు వేసినచో, రంగు కొంత తగ్గినను బొమ్మ రూపు చెడదు.

బజారులో కొనునప్పుడు రెండు జాగ్రత్తలు. ఉతికిన పోవునని పెట్టెమీద వ్రాసియున్న క్రేయాన్లు ఈ పనికి తగవు; అవి గుడ్డమీదినుండి పోవుటకే చేయబడినవి. కాగితముపై గీసి గుడ్డకు ఇస్త్రీతో దింపు మరియొక రకము కలదు. అది కృత్రిమపు గుడ్డలకు ఉద్దేశింపబడినది. పైగా బొమ్మ తలక్రిందు కాకపోయినను కుడియెడమలు మారును. అక్షరములు వ్రాసినచో అద్దములో చూచినట్లు తిరుగబడును.

పరీక్ష, అమ్మకము

ప్రతి క్రొత్త పెట్టెకును ముందుగా ఒక పీలికపై అన్ని రంగులు పూసి, వేడి పెట్టి, రెండుగా చింపుడు. ఒక సగమును ఐదుసార్లు ఉతికి, దాచిన సగముతో పోల్చుడు. మరియొక పీలికను సగము కప్పి వారముదినములు ఎండలో ఉంచుడు. ఏ రంగు నిలుచునో, ఏది వెలియునో మీ కన్నులే చెప్పును. నిలువని రంగును ఆ పనికి వాడకుడు.

గోడకు వ్రేలాడదీయు బొంతలకు, పండుగకు పరచు వానికి, ఇంటి పిల్లలందరు తలకొక చదరము గీసి ఇచ్చిన జ్ఞాపకపు బొంతలకు ఇది చక్కని పద్ధతి. దినదినము ఉతుకు పక్కబొంతలకు, చంటిబిడ్డలు నోట పెట్టుకొను బొంతలకు తగదు. ఉతుకునప్పుడు చల్లని నీరు, మెత్తని సబ్బు వాడి, చేతితో మెల్లగా పిండి, నీడను ఆరవేయవలెను. బండకు బాదరాదు, సోడాలో ఉడికించరాదు.

అమ్మువారికి మా మనవి యొకటి. ఈ బొంతను రంగు పోని సరకు అని చెప్పి ఇవ్వకుడు. కొన్నవారు చాకిరేవుకు వేసి, పువ్వులు పోయినవని తిరిగివచ్చిన నాడు, పోవునది ఆ బొంత వెల మాత్రమే కాదు. అదే ఇంట నేసిన చీర రంగును కూడ వారు శంకింతురు. క్రేయాన్‌తో వేసినది, చల్లని నీట చేత ఉతుకుడు అని ఒక చీటీ వ్రాసి బొంతకు కుట్టుడు. మనము ఇంట మాటలాడునది తెలుగైనను, కొనువారు చదువునది మరాఠీయో, కన్నడమో, తమిళమో, ఒడియాయో. కావున చీటీ వారి భాషలో ఉండవలెను. ఆ భాషలు బడిలో నేర్చిన పిల్లలు మన ఇండ్లలోనే ఉన్నారు. పువ్వు గీసిన చేతితోనే ఆ చీటీ కూడ వ్రాయింపుడు.