ఐదు దినములలో ఎడారి దాటవలెను

మన పల్లెల్లో సైకిలు పాలక్యానుకు, గడ్డిమోపుకు, పిల్లలను బడికి దింపడానికి. అదే సైకిలుకు గుడారము, వంటపొయ్యి, నీళ్ల సీసాలు కట్టుకొని దేశాలు దాటివెళ్లే వారును ఉన్నారు. వారు జంకే దారులలో ఒకటి మధ్య ఆసియాలోని తుర్క్‌మెనిస్తాన్ దారి. దానిని గూర్చి ఈ నెల మన కుటుంబములతో పంచుకొనగోరుచున్నాము.

ఈ దేశము 1991 వరకు సోవియట్ యూనియన్‌లో భాగము. దీనిలో మూడింట రెండు వంతులకు పైగా కారకుమ్ ఎడారియే. ఆ పేరుకు అర్థము "నల్ల ఇసుక." వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, చలికాలములో నీరు గడ్డకడుతుంది.

అయితే ఎండను మించిన భయము గడువు. ఇరాన్ నుండి ఉజ్బెకిస్తాన్‌కు సైకిలుపై పోయేవారికి ఆ ప్రభుత్వము చాలా ఏళ్లపాటు సాధారణముగా ఐదు దినముల అనుమతియే ఇచ్చేది. ఏ తేదీన, ఏ ద్వారమున ప్రవేశించాలో, ఎక్కడ బయటపడాలో ముందే వ్రాసి ఉండేది. 2020లో కరోనా వలన సరిహద్దులు మూసే వరకు ఎందరో ఇలాగే వెళ్లారు. సరఖ్స్ నుండి ఫరాబ్ వరకు సుమారు 500 కిలోమీటర్లు. అంటే రోజుకు నూరు. మొదటి పూట తనిఖీలకే పోయేది. ఎదురుగాలి వీస్తే ఎంత తొక్కినా బండి కదలదు. గడువు దాటితే జరిమానా, దేశము నుండి పంపివేత. అందుకే కొందరు చివరకు సైకిలును లారీకెక్కించేవారు.

లీటరు నీరు కిలో బరువు. నీరు ఎక్కువ మోయాలంటే తక్కినవి తగ్గించుకోవాలి. ఏది అవసరము, ఏది కేవలము ఆశ అన్నది ఎడారి త్వరగా నేర్పుతుంది.

దారిలో బైరామలీ ప్రక్కనే ప్రాచీన మెర్వ్ నగర శిథిలాలున్నాయి. 5వ శతాబ్దము నాటికే అక్కడ క్రైస్తవ సంఘము, బిషప్పు ఉన్నారు. తరువాత ఇస్లాము లోకములోని మహానగరాలలో ఒకటిగా వెలిగిన ఆ పట్టణమును 1221లో మంగోలులు నాశనము చేశారు. నేడు మిగిలినవి ఎక్కువగా మట్టిగోడలే.

ఆ ప్రాంతమునకు నీరిచ్చేది 1954లో త్రవ్వనారంభించిన కారకుమ్ కాలువ. పొడవు 1,300 కిలోమీటర్లకు పైనే. అము దర్యా నది నీటిని ప్రత్తి చేలకు తెచ్చింది. కాని అడుగున గట్టి కట్టుబడి లేక చాలా నీరు ఇసుకలో ఇంకిపోయింది. ఇటువంటి మళ్లింపుల వలననే అరల్ సముద్రము చాలావరకు ఎండింది. కాలువల క్రింద సేద్యము చేసే మనకు ఇది ఆలోచింపదగిన సంగతి.

ఇంత కఠినమైన దారిలోనూ యాత్రికులు మరువనిది మనుష్యుల మంచితనము. లారీ డ్రైవర్లు ఆపి నీళ్లు, కర్బూజ పండ్లు ఇస్తారు. భాష తెలియకున్నా ఇంటికి పిలిచి పచ్చ తేనీరు పోస్తారు, మట్టిపొయ్యిలో కాల్చిన రొట్టె పెడతారు. ఆ రొట్టెను వారెంతో గౌరవిస్తారు, బోర్లించి ఉంచరు.

చివర అము దర్యా నది. 2017లో క్రొత్త వంతెన తెరిచే వరకు నీటిపై తేలే వంతెన మీదనే దానిని దాటేవారు. దాని ఆవల ఫరాబ్ సరిహద్దు.

ఐదు దినములలో ఆ ఎడారి దాటినవారు తమ కాళ్ల బలముతోనే దాటలేదు. దారిలో ఎవరో ఒకరు నీళ్లు పోశారు. మండుటెండలో మన ఊరి మీదుగా పోయే బాటసారికి ఆ ఎవరో ఒకరము మనమే కావచ్చును. గుమ్మము ప్రక్కన నీళ్ల కుండ ఉంచుదాము.