అతుకులేని డబ్బా

మొన్న మా తొమ్మిదవ తరగతి విద్యార్థులు, ఎవరో పానీయము త్రాగి పాఱవేసిన అల్యూమినియపు డబ్బా నొకదానిని తెచ్చి, "దీని అతుకెక్కడ నున్నది మాస్టారూ?" అని యడిగిరి. మేమును వెదకితిమి. ప్రక్కనగాని యడుగునగాని అతుకు కానరాలేదు. పోతపోసిన దేమో యని యొకడనెను. కత్తెరతో కోసి చూడగా గోడ వ్రాతకాగితమంత పలుచనగా నుండెను. అడుగుమాత్రము దానికి రెండింతలకు పైగా మందము. ఈ భేదమునకు కారణము తెలిసినచో డబ్బా చేయు విధము చాలవఱకు తెలిసినట్లే.

పూర్వపు డబ్బా వేఱు. 1810వ సంవత్సరమున ఇంగ్లండులో పీటర్ డ్యూరండు అనునతడు ఆహారమును తగరపుపూత గల రేకుపాత్రలు మున్నగువానిలో నిలువచేయు పద్ధతికి పేటెంటు పొందెను. 1813లో బ్రయన్ డాంకిను, జాన్ హాలు అనువారు లండనులోని బెర్మాండ్సీయందు అట్టి డబ్బాల కర్మాగారము నడపిరి. పనివాడు రేకును కోసి, దిమ్మచుట్టు వంచి, ప్రక్కను, అడుగును, మూతను టంకముతో నతికెడివాడు. చింతపండుపులుసు ఇత్తడిగిన్నెను తినకుండ మనవారు కళాయి పూయించుటయు, ఇనుపరేకునకు తగరము పూయుటయు నొక్క న్యాయమే. కాని యా టంకములో విషమైన సీసముండెడిది. ఇక తెఱచుటయో, ఉలియు సుత్తియు కావలెను!

ఇప్పటి పానీయపుడబ్బాకు టంకముతో పనిలేదు. సుమారు 140 మిల్లీమీటర్ల వ్యాసముగల గుండ్రని బిళ్లను రేకునుండి కోసి, గుండ్రని రంధ్రముగల ఉక్కు అచ్చుపై నుంచి, పైనుండి ఉక్కుదిమ్మతో లోనికి త్రోయుదురు. బిళ్ల గిన్నెయగును. చెప్పుటకు సులభమే, కాని విస్తరాకును దొన్నెగా చేయువారిని గమనించితిరా? ఆకు అంచు చుట్టుకొలత తగ్గవలెను గనుక, మిగిలిన యాకును మడతపెట్టి పుల్ల గ్రుచ్చుదురు. రేకునకును ఆ చిక్కే కలదు. మడత పడనీయరాదు. అందుచే బిళ్ల అంచును ఒక వలయముతో అదిమిపట్టుదురు. అదుము చాలనిచో అంచు ముడుతలు పడును. మించినచో గిన్నె యడుగు చినుగును. ఈ రెంటికి నడుమ, మిగిలిన లోహము మడతపడక పైకి పాఱి గోడయగును. ఘనపదార్థము పాఱుట యేమని పిల్లలు నవ్విరి. పాఱుననుటయే నిజము.

పిమ్మట ఆ గిన్నెను మఱింత సన్ననిదానిగా సాగదీసి, ఒకదానికంటె నొకటి యిఱుకైన మూడు ఉక్కుకడియముల గుండ దిమ్మతో త్రోయుదురు. దిమ్మకును కడియమునకును నడుమ సందు రేకు మందముకంటె తక్కువ. కావున గోడ పలుచనై పొడవగును. లోహము పరిమాణము మాఱదు. మిల్లీమీటరులో నాలుగవవంతుకు కొంచెము మించిన రేకు, గోడయందు సుమారు పదవవంతుకు దిగును. అడుగును కడియములు తాకవు. అది మందముగనే నిలుచును. ఒక్క యంత్రము నిమిషమునకు 200కు మించి డబ్బాల నిట్లు చేయును.

మన కంచరి సుత్తితో కొట్టినకొలది ఇత్తడి బిఱుసెక్కును. అతడు మరల నిప్పులో కాచి మెత్తపఱచును. ఇక్కడ కాచుట లేదు. ఆ బిఱుసే పలుచని గోడకు బలము. అడుగును లోనికి గుంటగా నొత్తుట, లోని వాయువు దానిని వెలికి నెట్టకుండుటకు. కమాను బరువును మోయుట వంటిదే యిది. పై అంచు అలలుగా లేచును. రేకు మరలో నలిగినప్పుడు దానికి ఒక దిక్కు ఏర్పడుటచేత అన్నివైపుల సమముగా సాగదు. ఆ అలలకు కర్మాగారములలో చెవులని పేరు. వానిని కోసి కరగింతురు.

డబ్బా నింపిన పిమ్మట మూత అంచును, డబ్బా అంచును కలిపి రెండుమాఱులు చుట్టి అదుముదురు. అచట ఐదు పొరల లోహముండును. నడుమ బంకవంటి పూత కలదు. మాంసము, చేప, పండ్లు ఉంచు డబ్బాల మూతలును ఇట్లే బిగింతురు. ఆ మడత యొక్క వెంట్రుకవాసి సడలినను సూక్ష్మజీవులు చొరబడును. లోని పదార్థమును చాలినంత కాచకున్నను అపాయమే. తలిదండ్రులు గమనింపవలెను: ఆహారపు డబ్బా ఉబ్బియున్నచో, వాసన బాగుగనున్నను, రుచియైన చూడక పాఱవేయవలెను.

మేము కోసిన డబ్బా సైన్సుగది బీరువాలో నున్నది. అంచులు కత్తివలె నున్నవి. కోయునప్పుడు మా వ్రేలే తెగెను. గుడ్డతో పట్టుకొని చూడుడు.