వాల్యూమ్ నొక్కితే పాట మారుతోందా?

అంగలకుదురు దాటి తెనాలి ట్రాఫిక్‌లోకి వచ్చేసరికి పాట సౌండు తగ్గించాలి, చెయ్యి మాత్రం స్టీరింగ్ మీంచి తీయకూడదు. స్టీరింగ్ మీద బటన్లు ఉన్నది అందుకే. అవి మొరాయిస్తే మొదట వినిపించే మాట ‘క్లాక్ స్ప్రింగ్ పోయింది, మార్చాలి’. అది వేలల్లో తేలే బిల్లు. ఆ మాట నిజమో కాదో మూడు నాలుగు వందల రూపాయల మల్టీమీటరుతో, ఎయిర్‌బ్యాగ్ జోలికి పోకుండానే తేల్చుకోవచ్చు.

ఆరు బటన్లుంటే ఆరు వైర్లుంటాయని అనుకుంటాం. చాలా కార్లలో రెండు మూడు వైర్లతోనే పని జరిగిపోతుంది. ఒక్కో బటన్ వెనక ఒక్కో విలువ గల రెసిస్టర్ ఉంటుంది. కరెంటుకు కొంత అడ్డుపడే చిన్న ముక్క అది. ఆ అడ్డును ఓమ్‌లలో కొలుస్తారు. స్టీరియో తన లోపలి రెసిస్టర్ ద్వారా 5 వోల్టులు పంపి, బటన్ నొక్కినప్పుడు ఎన్ని వోల్టులు మిగిలాయో చూసి ఏ బటనో పోల్చుకుంటుంది.

ఒక నమూనా లెక్క చూద్దాం. స్టీరియో లోపల 1000 ఓమ్‌లు, వాల్యూమ్ బటన్ వెనక 100, పాట మార్చే బటన్ వెనక 330 ఉన్నాయనుకోండి. మొదటిది నొక్కితే 0.45 వోల్టు, రెండోది నొక్కితే 1.24 వోల్టులు కనిపిస్తాయి. ఇప్పుడు వాల్యూమ్ బటన్ కింద మురికి చేరి మరో 230 ఓమ్‌ల అడ్డు కలిసింది. 100 కాస్తా 330 అయింది. మీరు నొక్కింది వాల్యూమే, స్టీరియోకి అందింది మాత్రం ‘పాట మార్చు’ అని.

అంత కొద్ది మురికికే ఇంత తేడానా? ఆ వైర్లలో పారే కరెంటే అంత తక్కువ. మన నమూనాలో ఎంత ఎక్కువైనా 5 మిల్లీఆంపియర్లు, 5 వోల్టుల దగ్గర అది వాటులో నలభయ్యో వంతు. ఇంట్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు తినేదాంట్లో 360వ వంతు. మురికి పొరను తోసుకుపోయే సత్తా దానికి లేదు. పైగా మనది డెల్టా. డిసెంబరులో వరి కోతలు, నూర్పిళ్ల దుమ్ము, తెల్లవారుజామున మంచు, మిగతా కాలమంతా చేతి చెమట. బటన్ అంచు సందులో నల్లటి జిడ్డు గీత కనిపిస్తే లోపల కూడా అదే ఉందని అనుమానించాలి.

మరి క్లాక్ స్ప్రింగ్ అంటే? స్టీరింగ్ తిరిగినా వైర్లు తెగకుండా, గడియారం స్ప్రింగులా చుట్టి పెట్టిన పల్చటి రిబ్బన్ కేబుల్. హారన్, ఎయిర్‌బ్యాగ్ వైర్లు కూడా చాలా కార్లలో దాని గుండానే వెళతాయి. కాబట్టి బటన్లతో పాటు హారన్ మూగబోయినా, డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరకుండా వెలుగుతున్నా అనుమానం దాని మీదికే పోవాలి. ఒకటి రెండు బటన్లే పనిచేయకపోతే తప్పు స్విచ్చుది. ఇటీవల స్టీరియో మార్పించి ఉంటే ముందు సెట్టింగ్స్‌లో బటన్లను మళ్లీ నేర్పించి చూడండి. దానికి ఖర్చే లేదు.

ఇక కొలత. ఇంజిన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, స్టీరియో వెనక కనెక్టర్ ఊడదీయండి. సర్క్యూట్ బొమ్మ చూసి బటన్ల వైర్లు గుర్తుపట్టి, వాటికి మాత్రమే మీటరు పెట్టి, ఓమ్‌ల మీద ఉంచి ఒక్కో బటన్ నొక్కండి. ప్రతి బటన్‌కీ నిలకడైన, వేరువేరు అంకె రావాలి. ఒక బటన్ దగ్గరే అంకె ఊగిసలాడితే స్విచ్చులో మురికి. తర్వాత బటన్ నొక్కిపట్టి స్టీరింగ్‌ను నేరుగా, ఎడమ చివర, కుడి చివర ఉంచి చూడండి. తిప్పినప్పుడే అంకె గెంతితే రిబ్బన్ దెబ్బతింది. నా దృష్టిలో మొత్తం పరీక్షలో విలువైనది ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. కొన్ని కొత్త కార్లలో బటన్ల కబురు డేటా రూపంలో వెళుతుంది. అక్కడ ఈ కొలత పనికిరాదు, స్కానర్ పెట్టించాలి.

స్విచ్చు శుభ్రం చేయాలంటే ఎయిర్‌బ్యాగ్ విప్పాల్సి రావచ్చు. ఆ పని తెలిసిన మెకానిక్‌కే వదలండి. 2019 జూలై 1 నుంచి దేశంలో తయారయ్యే ప్రతి కారుకీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. దాని పసుపు కనెక్టర్లకు మీటరు తగిలించకూడదు. మీటరు పంపే కొద్దిపాటి కరెంటుకే అది పేలే ప్రమాదం ఉంది.

రిబ్బనే పోయిందని తేలితే, కొత్తది బిగించేటప్పుడు చక్రాలు నేరుగా, రిబ్బన్ సరిగ్గా మధ్యలో ఉండాలి. స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 3 చుట్లు తిరుగుతుంది, అంటే మధ్య నుంచి అటూ ఇటూ ఒకటిన్నర. 5 చుట్ల రిబ్బన్‌ను 2 చుట్లు పక్కకు బిగిస్తే ఒకవైపు అర చుట్టే మిగులుతుంది. మొదటి యూ టర్న్‌లోనే తెగిపోతుంది. బిగించకముందే మెకానిక్‌ను ఆ సంగతి అడగండి.