ఎస్తోనియా వీరులు - ఎస్తోనియా పతాక

బాల్టికు సముద్రతీరమున నున్న ఎస్తోనియా దేశపు జనసంఖ్య సుమారు 13 లక్షలు. మన విశాఖపట్టణమున నున్నంత జనమైనను ఆ దేశమున లేరు. అట్టి దేశము ఒలింపిక్ క్రీడలలో గడించిన కీర్తి చిన్నది కాదు. ఆ కీర్తికై యది పడిన పాటులు పతకముల పట్టికలలో కానరావు గనుక, వానిని పాఠకులకు విన్నవింపదలచితిమి.

ఎస్తోనీయులకు మల్లవిద్య ప్రాణము. యూరపు నంతటను పేరొందిన మల్లుడు హేకెన్‌ష్మిట్, ఆ దేశము రష్యాచక్రవర్తుల యేలుబడిలో నుండగా టార్టు నగరమున జన్మించినవాడే. 1918లో ఎస్తోనియా స్వాతంత్ర్యము ప్రకటించుకొని, 1920లో రష్యాతో సంధి చేసికొనినది. ఆ యేడే ఆంట్వెర్పునందు నోయ్లాండ్ బరువులెత్తు పోటీలో దేశమునకు తొలి స్వర్ణపతకము తెచ్చెను. 1936 వరకు లభించిన 6 స్వర్ణపతకములలో తక్కిన 5 మల్లులవి. అందు 2 ఒక్కనివి. బెర్లినులో 1936న క్రిస్ట్యాన్ పాలుసాలు గ్రీకో-రోమను పద్ధతిని, స్వేచ్ఛాపద్ధతిని గూడ అధికభార వర్గమున జయించెను. ఒకే ఒలింపిక్కున నిట్లు చేసిన మహామల్లుడు మఱియొకడు లేడు.

ఆ బెర్లినులోనే ధ్యానచందు నాయకత్వమున మన హాకీదళము జర్మనీని 8-1 గోలులతో నోడించినది. గెలిచినవారు మనవారు; ఎగిరినది బ్రిటిషిండియా పతాక. పాలుసాలుకు మాత్రము తన దేశపు నీల, కృష్ణ, ధవళ పతాకయే లేచినది. ఆ భాగ్యము నాలుగేండ్లే. 1940లో సోవియట్ రష్యా ఎస్తోనియాను మ్రింగివేసెను. 1948న లండనులో మన త్రివర్ణ పతాక లేచునాటికి, ఆ పతాక ఒలింపిక్కులలో కానరాకుండెను.

తరువాత ఎస్తోనీయులు సోవియట్ దళమున చేరి యాడవలసినవారైరి. సైకిలు పందెములలో ఎరికా సాలుమే 1988న సియోలులో గెలిచిన స్వర్ణము సోవియట్ లెక్కలో చేరెను. 1991లో దేశము మరల స్వతంత్రమయ్యెను. 1992న బార్సిలోనాలో నామెయే మరల గెలిచినది. 56 ఏండ్ల పిదప స్వర్ణపతకమునకై లేచిన యా పతాకను అధికారులు తలక్రిందులుగా నెగురవేసిరి! మేము వారిని నిందింపము. అర్ధశతాబ్దము దాచిపెట్టిన పతాకకు పై యంచేదో లోకమున కెట్లు తెలియును?

ఇప్పుడు మంచుమీది స్కీ పందెములే యచటి జనులకు మిక్కిలి ప్రియములు. 2006న టూరినులో వచ్చిన 3 పతకములును స్వర్ణములే. రెండు క్రిస్టీనా ష్మీగునువి. అయితే 2019న ఆస్ట్రియాలో జరిగిన ప్రపంచపోటీలలో ఇద్దరు ఎస్తోనీయ క్రీడాకారులు రక్తపు మోసమున పట్టుబడిరి. ఈ సంగతియు మఱుగుపఱుపరాదు. 2021న టోకియోలో స్త్రీల కత్తిసాము దళము కొరియాను ఓడించి స్వర్ణము గైకొనినది.

అట్లతద్ది యుయ్యెలల నెరిగిన మన పాఠకులకు ఆ దేశపు కీకింగ్ క్రీడ వింతగొలుపకుండదు. ఉయ్యెలకు త్రాళ్లుండవు, ఇనుపకడ్డీలుండును. పాదములు బిగించుకొని నిలిచి, మోకాళ్లు వంచుచు, లేచుచు ఊపు పెంచి, ఇరుసుమీదుగా పూర్తిగా తిరిగి రావలయును. కడ్డీలు పొడుగైనకొలది కష్టము హెచ్చును. ఎక్కువ పొడుగు కడ్డీలతో తిరిగినవారిదే గెలుపు. 7 మీటర్లకు మించిన కడ్డీలతో తిరిగినవారును గలరు.