వెనిస్: జనం నిండిన నీటి ఊరి విశేషాలు

వెనిస్ ఊళ్లోకి మోటారు బండి రాదు. కారు, బస్సు, స్కూటరు సంగతి అటుంచి, సైకిలు తొక్కినా జరిమానా వేస్తారు. 1846లో కట్టిన రైలు వంతెన, దాని పక్కనే 1933లో తెరిచిన రోడ్డు వంతెన రెండూ ఊరి అంచు దగ్గరే ఆగిపోతాయి. అక్కడ దిగాక నడవాలి, లేదా పడవ ఎక్కాలి. అంబులెన్సు పడవే, ఫైరింజను పడవే. కూరగాయలు తెచ్చేదీ, చెత్త ఎత్తుకుపోయేదీ, ఇల్లు మారితే సామాను మోసేదీ పడవే. ఆఖరికి శవయాత్ర కూడా శాన్ మికేలే అనే శ్మశాన ద్వీపానికి పడవ మీదే సాగుతుంది. సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీ సమాధి ఆ ద్వీపంలోనే ఉంది.

*

వెనిస్ ఉన్న చోటు మన పులికాట్ లాంటి ఉప్పునీటి సరస్సు. సముద్రానికీ దానికీ మధ్య సన్నని ఇసుక దిబ్బలు, వాటి నడుమ మూడు మొగలు. ఆ సరస్సులోని 118 చిన్న దీవులను 400కు పైగా వంతెనలతో కలిపితే ఈ ఊరైంది. అడుగంతా మెత్తటి బురద. అందుకని ఇల్లు కట్టే ముందు ఓక్, లార్చ్, ఆల్డర్ మానుల దుంగలను మొన చెక్కి, ఒకదానికొకటి ఒరుసుకునేలా బురదలోకి దిగ్గొట్టేవారు. దుంగలు దించే కూలీలు గుంపుగా నిలబడి, పాట పాడుతూ, ఆ లయకే బరువెత్తి వేసేవారు. దుంగల మీద చెక్క పలకలు, పలకల మీద చెమ్మను పైకి పాకనివ్వని ఇస్ట్రియా రాయి, ఆ పైన ఇటుక గోడ.

వందల ఏళ్లుగా ఆ కొయ్య ఎందుకు కుళ్లిపోలేదు? గాలి తగలక. నీటి అడుగు బురదలో ప్రాణవాయువు దాదాపు ఉండదు కాబట్టి కొయ్యను తినే బూజులు అక్కడ బతకలేవు. 1591లో పూర్తయిన రియాల్టో రాతి వంతెన సుమారు 12,000 దుంగల మీద నిలబడింది. ఊరి పెద్ద కాలువైన గ్రాండ్ కెనాల్ మొదట్లో తెల్లటి గుమ్మటంతో మెరిసే సలూతే చర్చి కింద ఉన్నవైతే పది లక్షలకు పైమాటే.

ఆ చర్చి ఒక మొక్కుబడి. 1630–31 ప్లేగులో ఊరి జనంలో దాదాపు మూడో వంతు పోయారు. జబ్బు శాంతిస్తే మరియమ్మకు గుడి కట్టిస్తామని పాలకులు మొక్కుకున్నారు, కట్టించారు. నేటికీ ఏటా నవంబరు 21న కాలువ మీద తాత్కాలిక వంతెన వేసుకుని, కొవ్వొత్తులు పట్టుకుని ఊరివాళ్లు అక్కడికి నడిచి వెళ్తారు. వెనిస్‌ను వెనిస్ వాళ్లతో కలిసి చూడాలనుకునేవారికి నా దృష్టిలో అంతకన్నా మంచి రోజు లేదు.

*

చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదు. వెనిస్ అసలు కష్టం అదే. దానికి వాళ్లు వేసిన ఉపాయాన్ని చాలామంది పర్యాటకులు చూస్తూ కూడా గమనించరు. ఊళ్లో ప్రతి చిన్న మైదానం నడుమ చెక్కడపు పనితో ఒక రాతి గట్టు కనిపిస్తుంది, మీద ఇనుప మూత ఉంటుంది. దాని మీద సంచి పెట్టుకుని ఫోటో దిగి వెళ్లిపోతారు. అది బావి ఒర. కానీ ఊట బావి కాదు. మైదానం కింద పెద్ద గొయ్యి తవ్వి, ఉప్పునీరు చొరబడకుండా అడుగునా పక్కలా బంకమట్టి మెత్తి, దాన్నిండా ఇసుక పోసి, నడుమ ఇటుకలతో బావి గొట్టం లేపేవారు. పైన రాళ్లు పరిచిన నేలకు సన్నని వాలు, ఆ వాలు చివర్లలో చిల్లులున్న రాతి పలకలు. వాన నీరు ఆ చిల్లుల్లో దిగి, ఇసుకలో వడకట్టుకుని, బావిలోకి ఊరుతుంది. అంటే మైదానమంతా ఒక వాననీటి తొట్టి. ఇలాంటివి ఊరంతటా వేలల్లో కట్టారు. వానలు తప్పిన ఏడు బ్రెంటా నది నుంచి పడవల్లో నీళ్లు తెచ్చి వీటిలోనే నింపేవారు. ప్రధాన భూభాగం నుంచి కొళాయి నీరు వచ్చింది 1884లో. అప్పుడే ఈ బావుల మీద మూతలు పడ్డాయి.

ఇప్పుడు వీధుల్లో వందకు పైగా మంచినీటి కొళాయిలు ఉచితంగా పారుతూ ఉంటాయి. ఖాళీ సీసా వెంట ఉంచుకుంటే చాలు, నీళ్లు కొనక్కర్లేదు.

*

గోండోలా పడవను ఎదురుగా నిలబడి చూస్తే ఒక పక్కకు వంగినట్టు అనిపిస్తుంది. నిజంగానే వంకర. పొడవు దాదాపు 11 మీటర్లు, ఎడమ పక్క కుడి పక్క కన్నా 24 సెంటీమీటర్లు ఎక్కువ వెడల్పు. నడిపే మనిషి వెనుక నిలబడి కుడివైపే తెడ్డు వేస్తాడు. రెండు పక్కలూ సమానంగా ఉంటే పడవ ఎడమకు తిరిగిపోతూ ఉంటుంది. ఆ వంకరే దాన్ని తిన్నగా నడుపుతుంది. ఎనిమిది రకాల కలప, 280 ముక్కలు కలిపి ఒక గోండోలా తయారవుతుంది. తెడ్డు ఆనించే మెలికల కొయ్యను వాల్‌నట్ కలపతో, నడిపేవాడి ఎత్తుకూ చేతివాటానికీ తగినట్టు విడిగా చెక్కుతారు. రంగు నలుపే ఎందుకంటే, ఒకప్పుడు సంపన్నులు పడవల అలంకారానికి పోటీలు పడి ఖర్చు పెడుతుంటే, ప్రభుత్వం ఆ ఆడంబరాన్ని చట్టంతో అణచింది.

ధర విషయంలో పర్యాటకులు మోసపోయేది చాలావరకు తెలియకపోవడం వల్లే. 2023 నవంబరు నుంచి నగర పాలక సంస్థ ఖరారు చేసిన రేటు పగలు 30 నిమిషాలకు 90 యూరోలు, రాత్రి ఏడు తర్వాత 35 నిమిషాలకు 110 యూరోలు. ఇది పడవకు, మనిషికి కాదు. ఐదుగురు పంచుకోవచ్చు. అంత ఖర్చు వద్దనుకుంటే రియాల్టో చేపల బజారు ఎదుట గ్రాండ్ కెనాల్ దాటించే బల్లకట్టు గోండోలా ఉంది. రెండు యూరోలు ఇస్తే అవతలి ఒడ్డుకు చేరుస్తారు. వంతెన చుట్టూ తిరగడం ఇష్టం లేని స్థానికులు ఎక్కేది దాన్నే.

ఈ వృత్తి వందల ఏళ్లు పూర్తిగా మగవాళ్ల చేతిలో ఉంది. పరీక్ష నెగ్గి లైసెన్సు పొందిన మొదటి మహిళ జోర్జా బోస్కోలో. ఆ సంవత్సరం 2010.

*

1854 వరకు గ్రాండ్ కెనాల్ దాటడానికి రియాల్టో ఒక్కటే వంతెన. ఇప్పటికీ నాలుగే.

*

వెనిస్ చిరునామా పట్టుకుని ఇల్లు వెతకడం కొత్తవాళ్లకు పెద్ద పని. ఊరు ఆరు పేటలు. ఇళ్ల నంబర్లు వీధికి కాదు, పేటకు. పేట మొదట్లో ఒకటితో మొదలై సందులు, మైదానాలు, గట్లు అన్నీ చుట్టబెట్టుకుంటూ వేలల్లోకి వెళ్లిపోతాయి. కాస్తెల్లో పేటలో నంబరు ఆరు వేలు దాటుతుంది. పైగా ఇరుకు సందుల్లో ఎత్తైన గోడల నడుమ ఫోన్‌లోని మ్యాపు తడబడుతుంది. కాబట్టి హోటలు వారిని నంబరుతో పాటు దగ్గరి పడవ స్టాపు పేరు, దగ్గరి చర్చి పేరు అడిగి రాసుకోవాలి. మరో సంగతి: వంతెనలకు దాదాపు అన్నిటికీ మెట్లే. పెద్ద సూట్‌కేసు తెచ్చినవారు ప్రతి వంతెన దగ్గరా దాన్ని ఎత్తి దించాలి. పెద్దవాళ్లతో వెళ్లేవారు పడవ స్టాపుకు దగ్గరగా బస చూసుకోవడం మేలు.

రియాల్టో, సెయింట్ మార్క్ అని బాణాలు వేసిన పసుపు పలకలు గోడల మీద ఊరంతా ఉంటాయి. దారి తప్పితే అవే దిక్కు. అయితే నడిచినంతసేపూ ఆ బాణాల వెంటే పోతే, ఊరందరితో పాటు ఒకే సందులో ఇరుక్కుంటారు. పలకలకు అడ్డంగా రెండు మలుపులు తిరిగితే చాలు, తీగల మీద బట్టలు ఆరేసుకున్న ఇళ్లు, బంతాట ఆడుకునే పిల్లలు కనిపిస్తారు.

*

మన తీరానికీ ఈ ఊరికీ ఒక పాత సంబంధం ఉంది. వెనిస్ వర్తకుడు మార్కో పోలో తన గ్రంథంలో ముత్ఫిలి అనే రాజ్యం గురించి రాశాడు. అదే మన మోటుపల్లి, కాకతీయుల రేవు. సముద్ర వ్యాపారులకు భయం లేదని గణపతిదేవుడు 1244లో అభయ శాసనం వేయించిన చోటు. ఆ రాజ్యాన్ని ఒక రాణి న్యాయంగా, శాంతిగా పాలిస్తోందని పోలో మెచ్చుకున్నాడు. ఆమెను రాజుగారి భార్యగా పొరబడ్డాడు గానీ, ఆ రాణి గణపతిదేవుడి కూతురు రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తించారు. వానాకాలం వాగుల్లో కొట్టుకొచ్చే వజ్రాల గురించీ, పాములున్న లోయలోకి మాంసపు ముక్కలు విసిరి గద్దల చేత వజ్రాలు తెప్పించే కథ గురించీ, అక్కడ నేసే అతి సన్నని బట్టల గురించీ కూడా రాశాడు. ఈ గ్రంథం పుట్టింది జెనోవా జైలులో. యుద్ధ ఖైదీగా ఉన్న పోలో చెబుతుంటే తోటి ఖైదీ రుస్తికెల్లో రాసుకున్నాడు.

పోలో 1324లో వెనిస్‌లోనే కన్నుమూశాడు. ఆయన సమాధి ఆనవాలు ఇప్పుడు లేదు. ఇల్లూ మిగల్లేదు. రియాల్టోకు దగ్గర్లో మలిబ్రాన్ నాటకశాల వెనక ఆ గ్రంథం పేరు పెట్టుకున్న చిన్న ప్రాంగణం ఒకటి ఉంది, ఇల్లు ఆ చుట్టుపక్కలే ఉండేదంటారు. రుద్రమదేవి పేరు తెలిసిన తెలుగువారు అక్కడిదాకా వెళ్లి ఒక్క నిమిషమైనా నిలబడాలి.

సినిమావాళ్లకు ఇంకో బంధం. ప్రపంచంలోకెల్లా పాత చలనచిత్రోత్సవం ఇక్కడి లీదో దీవిలో 1932లో మొదలైంది. సత్యజిత్ రాయ్ ‘అపరాజితో’ 1957లో అక్కడ గోల్డెన్ లయన్ గెలుచుకుంది.

*

సెయింట్ మార్క్ చర్చి ముఖద్వారం మీద కనిపించే నాలుగు కంచు గుర్రాలు నకళ్లు. అసలువి లోపలి మ్యూజియంలో ఉన్నాయి. 1204లో కాన్‌స్టాంటినోపుల్‌ను దోచుకున్నప్పుడు వెనిస్ వాళ్లు తెచ్చుకున్నవి అవి. 1797లో నెపోలియన్ వాటిని పారిస్‌కు తరలించాడు, 1815లో తిరిగొచ్చాయి. ఎదురుగా ఉన్న గంటల గోపురం కూడా పాతది కాదు. పాతది 1902 జూలై 14న కుప్పకూలింది, మనుషులెవరూ చనిపోలేదు. ఉన్న చోటనే, ఉన్నట్టుగానే మళ్లీ కట్టి 1912లో తెరిచారు.

*

‘వెనిస్ మునిగింది’ అని టీవీలో చూసి భయపడి ప్రయాణం మానుకునేవారున్నారు. అక్కడ వచ్చేది నదుల వరద కాదు, సముద్రపు పోటు. కొన్ని గంటల్లో పొంగి, మళ్లీ తీస్తుంది. శరత్కాలం, చలికాలాల్లో ఎక్కువ. దక్షిణపు గాలి తోడైతే ప్రమాదం. 1966 నవంబరు 4న నీరు 194 సెంటీమీటర్లకు లేచింది. దాదాపు అంతటిది మళ్లీ 2019 నవంబరు 12న వచ్చింది, 187 సెంటీమీటర్లు. ఇరవయ్యో శతాబ్దంలో ఎదుటి ఒడ్డు కర్మాగారాల కోసం భూగర్భ జలాన్ని విచ్చలవిడిగా తోడడం వల్ల కూడా ఊరు కుంగింది. ఆ తోడకం ఆపేశాక కుంగుడు నెమ్మదించింది.

ఇప్పుడు సరస్సు మూడు మొగల దగ్గరా కలిపి 78 ఇనుప తలుపులున్నాయి. మామూలు రోజుల్లో నీళ్లు నింపుకుని అడుగున పడుకుని ఉంటాయి. పెద్ద పోటు వస్తుందని తెలియగానే వాటిలోకి గాలి పంపుతారు, నీరు బయటికి పోయి తలుపులు లేచి నిలబడి సముద్రాన్ని అడ్డుకుంటాయి. 2020 అక్టోబరు 3న పోటు మీద మొదటిసారి వాడారు, ఊరు పొడిగా ఉండిపోయింది. సముద్ర మట్టం పెరిగేకొద్దీ తలుపులు ఎక్కువసార్లు మూయాల్సి వస్తుంది, మూసినప్పుడల్లా ఓడల రాకపోకలూ సరస్సు నీటి మార్పిడీ ఆగుతాయి.

*

ఏప్రిల్ 25 ఊరిని కాపాడే పునీతుడు సెయింట్ మార్క్ పండుగ. బియ్యం, పచ్చి బఠాణీలు కలిపి జారుగా వండిన ‘రీజి ఎ బీజి’ని ఆ రోజున పాలకుడికి సమర్పించేవారు. ఈ నాటికీ ఆ కాలంలో ఇళ్లలో వండుకుంటారు. శాకాహారులు దాన్ని అడిగేటప్పుడు మాంసం ముక్కలు, మాంసపు రసం లేకుండా వండుతారో లేదో ముందే కనుక్కోవాలి.

2024లో అదే ఏప్రిల్ 25న వెనిస్ మరో పని మొదలుపెట్టింది. ఉదయం వచ్చి సాయంత్రం పోయేవారి దగ్గర ఐదు యూరోల ప్రవేశ రుసుము. రద్దీ రోజుల్లో మాత్రమే, ఉదయం ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు వరకు. ఆ ఏడాది 29 రోజులు వసూలు చేశారు. 2025లో రోజులు 54కు పెంచి, ఆఖరి నిమిషంలో కట్టేవారికి పది యూరోలు చేశారు. రాత్రి బస చేసేవారికి ఈ రుసుము లేదు, కానీ మినహాయింపు కోసం ముందే పేరు నమోదు చేసుకోవాలి.

ఇదంతా ఎందుకంటే, 1951లో పాత ఊళ్లో 1,75,000 మంది కాపురముండేవారు. ఇప్పుడు 50,000 కూడా లేరు. రియాల్టో దగ్గర ఒక మందుల షాపు కిటికీలో ఆ సంఖ్యను 2008 నుంచి ప్రదర్శిస్తున్నారు, తగ్గుతూనే ఉంది. ఏటా వచ్చే పర్యాటకులు రెండు కోట్ల పైచిలుకని అంచనా. అద్దె గదులకు వచ్చే డబ్బు ముందు కాపురాలకు ఇచ్చే అద్దె చాలదు. రొట్టెల దుకాణం ఉన్నచోట ముఖానికి తగిలించుకునే రంగు మాస్కుల దుకాణం వెలుస్తుంది. 2021 ఆగస్టు నుంచి పెద్ద విహార నౌకలను ఊరి నడిబొడ్డు కాలువలోకి రానివ్వడం లేదు. 2024 నుంచి గైడు వెంట నడిచే గుంపు 25 మందికి మించకూడదు, మైకులు వాడకూడదు. ఈ ఆంక్షలు అతిథులను అవమానించడమని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. స్కూలూ ఆసుపత్రీ బజారూ నడవాల్సిన ఊరు అది, దానికి ఆ హక్కు ఉంది.

*

వెళ్లేవారు ఈ ఐదూ పాటించండి. సందుల్లో కుడి పక్కగా నడవండి, వంతెన మీద గుంపుగా ఆగి దారి మూయకండి. పడవ బస్సు ఎక్కగానే వీపు సంచి తీసి చేత పట్టుకోండి. సెయింట్ మార్క్ మైదానంలో నేల మీద కూర్చుని తినకండి, పావురాలకు గింజలు వేయకండి, రెండింటికీ జరిమానా ఉంది. గాజు వస్తువు కొంటే 1291 నుంచి కొలిమి ఆరని మురానో దీవిలో తయారైందో కాదో ముద్ర చూసి కొనండి. అన్నిటికన్నా ముఖ్యం, నాలుగు గంటల చూపుకు వెళ్లకండి. రెండు రాత్రులు ఉండేలా ప్రయాణం వేసుకోండి, మీ డబ్బులో కొంతైనా ఊరివాళ్లు నడిపే చిన్న భోజనశాలలకూ దుకాణాలకూ చేరనివ్వండి.