అంతర్జాల పరిచయం వ్యాపార బంధంగా మారాలంటే...

2003లో ప్రారంభమైన లింక్డ్‌ఇన్ వంటి వేదికల వల్ల పోచంపల్లి ఇక్కత్ నేత, కొండపల్లి బొమ్మల తయారీ వంటి చిన్న వ్యాపారాల యజమానులకు దూర నగరాల కొనుగోలుదారులతో నేరుగా పరిచయం కలిగే అవకాశం ఏర్పడింది. అయితే పరిచయాల సంఖ్య పెరిగినంత మాత్రాన వ్యాపారం పెరగదు. నమ్మకం కుదిరినప్పుడే పరిచయం బంధంగా మారుతుంది.

తొలి సందేశంలోనే ఆర్డరు కోరడం తగదు. ఎదుటివారి అవసరం తెలుసుకొని, తమ ఉత్పత్తి వివరాలను ఉన్నదున్నట్లు తెలపాలి. చీర నేతకు పట్టే రోజులను, రంగుల్లో రాగల స్వల్ప తేడాలను ముందే చెప్పిన వ్యాపారిపై కొనుగోలుదారులకు గురి కుదురుతుంది. సరకు ఆలస్యమయ్యే పక్షంలో వారు అడగకముందే తెలియజేయాలి. తమ వద్ద లేని సరకుకు మరో ఉత్పత్తిదారుని సూచించడం కూడా బంధాన్ని బలపరుస్తుంది.

నమ్మకంతోపాటు జాగ్రత్త అవసరం. అరువుపై సరకు పంపే ముందు దేశీయ కొనుగోలుదారుల జి.ఎస్.టి. నంబరును అధికారిక పోర్టల్‌లో ఉచితంగా సరిచూసుకోవచ్చు. ధర, గడువు, చెల్లింపు షరతులను లిఖితపూర్వకంగా ఖరారు చేసుకోవాలి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు గడువు ఒప్పందం ఉన్నప్పటికీ 45 రోజులకు మించరాదు. ఈ రక్షణ పొందేందుకు, 2020 జూలై 1న ప్రారంభమైన ఉద్యమ్ పోర్టల్‌లో ముందుగానే ఉచితంగా నమోదు చేసుకోవడం శ్రేయస్కరం.