ఫోన్ ఆటల్లో వేషాలు



సెలవులకి ఇళ్లకెళ్లి వచ్చిన దగ్గర్నుంచి మన డార్మిటరీలో రెండు జట్లు తయారయ్యాయి. ఆటలో మంచి డ్రెస్సు ఉన్నవాళ్లు ఒక జట్టు, లేనివాళ్లు ఇంకో జట్టు. లేనివాణ్ణి "నూబ్" అంటున్నారు. ఫోన్లు ఇంట్లో వదిలేసి వచ్చాం గానీ ఈ పేరు మాత్రం ట్రంకుపెట్టెలో పెట్టుకుని తెచ్చుకున్నాం. అందుకే ఈ డ్రెస్సుల సంగతి రాస్తున్నాను.

రోల్ ప్లేయింగ్ ఆట అంటే వేషం కట్టి ఆడే ఆట. ఒకడు వీరుడు, ఒకడు మంత్రగాడు, ఒకడు వైద్యుడు. ఆన్‌లైన్‌లో అయితే వేలమంది ఒకే లోకంలో తిరుగుతారు. ఆటగాడి బొమ్మని అవతార్ అంటారు. దశావతారాల్లో ఉన్న మాటే అది! 1986లో అమెరికాలో లూకాస్‌ఫిల్మ్ వాళ్లు హాబిటాట్ అనే ఆట నడిపినప్పుడు ఆ పేరు వాడారు. అందులో బొమ్మకి తలకాయనే మార్చుకోవచ్చు.

అంతకు ముందు కొన్ని ఆటల్లో బొమ్మలే లేవు. 1978లో ఇంగ్లండులో ఎసెక్స్ విశ్వవిద్యాలయం విద్యార్థులు రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ మడ్ అనే ఆట తయారుచేశారు. అంతా అక్షరాలే. బుర్రకథలో కథకుడు చెప్తుంటే మన కళ్లకి రాజు కనపడినట్టు, చదివి ఊహించుకోవాలి.

ఇప్పుడు బొమ్మ ఎలా వస్తుందో చూద్దాం. మీ అవతార్ బొమ్మ మీ ఫోన్ నుంచి నా ఫోన్‌కి రాదు. అంకెలు వస్తాయి. ముఖం 4, జుట్టు 11, ఒంటి రంగు 7, చొక్కా 203 అనుకోండి. మన పెట్టెల మీద నంబరు చూస్తే అది ఎవరిదో తెలిసిపోతుంది కదా, అలాగన్నమాట. బట్టలన్నీ ముందే నా ఫోన్‌లోకి దిగి ఉంటాయి, అంకె చూసి తీసి తొడుగుతుంది. కొన్ని ఆటల్లో ఆ బట్ట దిగకపోతే మామూలు చొక్కాయే కనిపిస్తుంది. అంటే మీరు డబ్బు పెట్టి కొన్న డ్రెస్సు పక్కవాడి ఫోన్‌లో కనపడకపోనూ వచ్చు!

కాకినాడ దగ్గర మాధవపట్నం వాళ్లు తోలుబొమ్మలాట ఆడతారు. ఆ బొమ్మల కాళ్లూ చేతులూ విడివిడిగా కత్తిరించి కీళ్ల దగ్గర కడతారు. ఆటలో బొమ్మకీ కీళ్లున్న ఎముకల గూడు ఒకటి లోపల ఉంటుంది. బట్టలన్నీ ఆ గూటికి సరిపోయేలా కుట్టినవే. టోపీ పెడితే జుట్టు పైకి పొడుచుకు రాకుండా జుట్టునే మాయం చేస్తారు. అందుకే కొన్ని టోపీల కింద అందరూ గుండే.

ఇక అసలు సంగతి. మొదట్లో డ్రెస్సూ బలమూ కలిసే ఉండేవి. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో గట్టి కవచం దొరికితే రంగు నచ్చకపోయినా అదే వేసుకోవాలి. టోపీ ఒక చోట, బూట్లు ఇంకో చోట దొరుకుతాయి. మూడు పెళ్లిళ్లలో పెట్టిన బట్టలు ఒకేసారి కట్టుకున్నట్టు ఉండేది. 2011లో ఈ రెండింటినీ విడదీశారు. బలం ఒక కవచానిది, కనపడేది ఇంకోదాని రూపం.

అదే 2004లో వచ్చిన సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆట మొదటి రోజు నుంచే విడదీసింది. అందులో అందరూ మహావీరులే. ఆట మొదలెట్టకముందే ముసుగు, బెల్టు, బూట్లు, ఒడ్డూ పొడుగూ అన్నీ మీరే కుదుర్చుకోవాలి. మొదట్లో దానికి వేరే డబ్బు లేదు, డ్రెస్సు వల్ల బలం రాదు. భుజం మీద వేలాడే కేప్ కోసం మాత్రం అప్పట్లో 20వ లెవెల్ దాకా ఆగాల్సి వచ్చేది. ఆటగాళ్లు పోట్లాట మానేసి ఒక పార్కులో పెద్ద విగ్రహం కింద చేరి వేషాల పోటీలు పెట్టుకునేవారు. నాకు అన్నిటికంటే ఇదే నచ్చింది. 2012 నవంబరులో కంపెనీ దాన్ని మూసేసింది, డ్రెస్సులన్నీ దాంతోపాటే పోయాయి. తర్వాత 2019 నుంచి అభిమానులు సొంతంగా నడుపుతున్నారు. 2024లో కంపెనీ ఒక అభిమానుల బృందానికి అనుమతి కూడా ఇచ్చింది.

ఇప్పటి ఫోన్ ఆటలు చాలావరకు ఊరికే ఇస్తారు, డ్రెస్సులు అమ్ముతారు. కొన్ని నేరుగా అమ్మరు, పెట్టె అమ్ముతారు. విప్పితే ఏమొస్తుందో తెలీదు. తిరునాళ్లలో చక్రం తిప్పే ఆట లాంటిదే. చైనాలో 2017 నుంచి ఏది ఎంత శాతం వస్తుందో చెప్పాలన్నారు. బెల్జియం 2018లో డబ్బు పెట్టి విప్పే పెట్టెలు జూదం చట్టం కిందికే వస్తాయంది. మనవాళ్ల ఇళ్లలో ఆ పెట్టెకి పోయేది కొండచీపుర్లు సంతకి మోసి అమ్మిన డబ్బు.

"ఇది చాలా అరుదైన డ్రెస్సురా" అంటారు. ఎందుకు అరుదు? కంపెనీలో ఒకాయన కంప్యూటర్లో తక్కువ అంకె వేశాడు గనక. చింతూరు వైపు కోయవాళ్ల కొమ్ము ఆట చూసినవాళ్లు చాలామంది ఉన్నారు మనలో. తలకి అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు, మెడలో డోలు. దున్నలు కుమ్ముకున్నట్టే తల వంచి కుమ్ముకుంటారు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత అడవిదున్నని వేటాడకూడదు. ఆ కొమ్ములు అరుదంటే నిజంగానే అరుదు.

ఇంకొక్క మాట. కొనే డ్రెస్సు కంటే ముందు, ఊరికే ఇచ్చే ఒళ్లు ఒకటుంది. రంగు, ముక్కు, జుట్టు. వార్‌క్రాఫ్ట్‌లో మనిషి బొమ్మలకి నల్లవాళ్ల ముఖాలు, ఉంగరాల జుట్టు బాగా పెంచింది 2020లో. అప్పటికి ఆట వచ్చి 16 ఏళ్లు! అక్కడ లేని రంగు ఎంత డబ్బిచ్చినా రాదు.

ఈసారి సెలవుల్లో మీ ఆట విప్పినప్పుడు డ్రెస్సుల దగ్గరికి పోకముందు ఒంటి రంగులు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. మన రంగు ఉందా, మన అమ్మల ముఖంలా ఒక్క ముఖమైనా వస్తుందా చూడండి. ఆట పేరు, లెక్క కాగితం మీద రాసి తెస్తే ఈ గోడ మీదే, దీని పక్కనే అంటిస్తాం. జిగురు మా దగ్గర ఉంది.